పతంగి ఎగరకముందు: హైదరాబాద్ ఎంపీ సీటు కథ

ఎన్నికలొచ్చాయంటే ఇరానీ హోటల్లో ప్రతి బల్ల దగ్గరా ఒక విశ్లేషకుడు తయారవుతాడు. సాసర్లో చాయ్ చల్లారేలోపు హైదరాబాద్ పార్లమెంటు సీటు చరిత్ర మొత్తం చెప్పేస్తాడు. అందులో సగం నిజమే. ఇక్కడ మిగతా సగం సంగతి చూద్దాం.

అపోహ: మొదట్నుంచీ ఇది మజ్లిస్ (ఎంఐఎం) పార్టీ సీటే.

వాస్తవం: 1952 నుంచి 1980 దాకా జరిగిన ఏడు లోక్‌సభ ఎన్నికల్లో మజ్లిస్ ఇక్కడ ఒక్కసారీ గెలవలేదు. తొలి ఎంపీ అహ్మద్ మొహియుద్దీన్ కాంగ్రెస్ మనిషి. 1957లో గెలిచిన వినాయకరావు కోరట్కర్ కూడా కాంగ్రెస్సే. ఆయన ఆర్యసమాజ్ నాయకుడు, అంతకుముందు హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రి. ఈ మాట చెబితే ఇప్పటి కుర్రాళ్ళు నమ్మరు. ఆ తర్వాత డాక్టర్ జి.ఎస్. మేల్కోటే వరసగా మూడుసార్లు గెలిచారు. 1962, 1967ల్లో కాంగ్రెస్ తరఫున గెలిచిన ఆయన, 1971లో తెలంగాణ ప్రజాసమితి టిక్కెట్టు మీద నిలబడి నెగ్గారు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడి అలాంటిది. ఆ ఏడాది ప్రజాసమితికి తెలంగాణలో పది సీట్లొస్తే, అందులో ఇదొకటి. ఈ సీటు ఒకప్పుడు తెలంగాణ నినాదానికి ఓటేసిందన్న సంగతి మనకెందుకో గుర్తుండదు. 1977, 1980ల్లో కె.ఎస్. నారాయణ గెలవడంతో సీటు మళ్ళీ కాంగ్రెస్ ఖాతాలోకి వెళ్ళింది.

అలాగని మజ్లిస్ అప్పుడు లేదని కాదు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిశాక మూగబోయిన పార్టీని 1950ల చివర్లో అబ్దుల్ వాహెద్ ఒవైసీ మళ్ళీ నిలబెట్టారు. ఆయన కొడుకు సలావుద్దీన్ 1962లోనే పత్తర్‌గట్టీ నుంచి అసెంబ్లీకి వెళ్ళారు. పార్లమెంటు మెట్లెక్కడానికి మాత్రం మరో ఇరవై రెండేళ్ళు పట్టింది.

అపోహ: గెలిచిన రోజునుంచీ అది కంచుకోటే, ఎదురు నిలిచినవాడు లేడు.

వాస్తవం: 1984లో సలావుద్దీన్ ఇండిపెండెంట్‌గా గెలిచారు. తెలుగుదేశం రాష్ట్రాన్ని ఊడ్చేసిన ఎన్నిక అది. ఇక్కడ మాత్రం ఆ పార్టీ రెండో స్థానంలో నిలిచింది. మెజారిటీ నాలుగు వేల లోపే. ఇంకో రెండు గల్లీలు అటు తిరిగి ఉంటే కథే మారిపోయేది. 1991లో బీజేపీ అభ్యర్థి బద్దం బాల్‌రెడ్డికి నాలుగు లక్షలకు పైగా ఓట్లొచ్చాయి, తేడా 40 వేల లోపు. 1996లో ఇక్కడ పోటీ చేసి ఓడినవారిలో వెంకయ్యనాయుడు ఉన్నారు. తేడా 73 వేల పైచిలుకు.

ముస్లిం ఓట్లన్నీ ఎప్పుడూ ఒకే డబ్బాలో పడతాయన్న మాటా నిలవదు. 1993లో అమానుల్లాఖాన్ చీలిపోయి మజ్లిస్ బచావో తహ్రీక్ పెట్టారు. మరుసటి ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో చీలిక పార్టీకి రెండు సీట్లు, అసలు పార్టీకి ఒకటి. ఆ ఒక్కటి చార్మినార్. అక్కడ గెలిచింది సలావుద్దీన్ కొడుకు అసదుద్దీన్ ఒవైసీ.

అపోహ: హైదరాబాద్ సీటంటే మూసీకి అవతలి పాతబస్తీ. అక్కడ అందరూ ఒకే పార్టీ.

వాస్తవం: 1578లో కట్టిన పురానాపూల్ మీద నిలబడి చూడండి. మూసీకి అటూ ఇటూ కూడా ఈ నియోజకవర్గమే. కార్వాన్, గోల్కొండ కోట, ధూల్‌పేట, బేగంబజార్ అన్నీ ఇందులోవే. మజ్లిస్ గుర్తు పతంగి. ఊళ్ళో పతంగులకు పేరున్న బస్తీ ధూల్‌పేట. అదేమో గోషామహల్ సెగ్మెంటులో ఉంది. ఆ గోషామహల్ 2014 నుంచి మూడుసార్లు గెలిపించింది బీజేపీ అభ్యర్థి రాజాసింగ్‌ని! కార్వాన్‌దీ ఇలాంటి కథే. 1985, 1989, 1994ల్లో అక్కడి ఎమ్మెల్యే బాల్‌రెడ్డే.

అసలు మలుపు 2008 నాటి పునర్విభజన. అంతకుముందు తాండూరు, వికారాబాద్, చేవెళ్ళ కూడా ఈ సీటులోనే ఉండేవి. తాండూరు కంది రైతు, లాడ్‌బజార్ గాజుల వ్యాపారి ఒకే ఎంపీని ఎన్నుకునేవారు. ఆ మూడూ కొత్త చేవెళ్ళ నియోజకవర్గంలోకి పోయాక ఇది పూర్తిగా నగరం సీటయింది. అసదుద్దీన్ మెజారిటీ 2004లో లక్ష పైచిలుకు, 2014లో రెండు లక్షల పైచిలుకు, 2024లో 3,38,087. నాయకుడి బలం లేదనను. కానీ పటం మీద గీత మారిన సంగతి పక్కన పెట్టి ఈ అంకెలు చదివితే సగం కథే తెలుస్తుంది.

అపోహ: హైదరాబాద్‌లో ఉంటున్నాం కాబట్టి మా ఎంపీ ఒవైసీయే.

వాస్తవం: హైటెక్ సిటీ, గచ్చిబౌలి చేవెళ్ళ కిందకి వస్తాయి. జూబ్లీహిల్స్, ఖైరతాబాద్, చివరికి మజ్లిస్ గెలిచే నాంపల్లి కూడా సికింద్రాబాద్ కిందికే. ఓటరు కార్డు వెనక మలక్‌పేట, కార్వాన్, గోషామహల్, చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా పేర్లలో ఏదైనా ఉంటేనే మీది హైదరాబాద్ సీటు.

అపోహ: పాతబస్తీలో తెల్లవారకముందే బారులు తీరి గుంపుగా ఓట్లేస్తారు.

వాస్తవం: 2019లో ఇక్కడ పోలింగ్ 45 శాతం కూడా దాటలేదు. 2024లో 48 శాతం చిల్లర. దాదాపు 22 లక్షల మంది ఓటర్లున్న చోట, సగానికి పైగా బూత్ దాకా వెళ్ళనేలేదు.