ఊరి చేత నోరు విప్పించిన నాటకం

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని లారమీ అప్పట్లో దాదాపు 27 వేల జనాభా ఉన్న పట్టణం. 1998 అక్టోబరు 6 రాత్రి ఇద్దరు యువకులు ఒక కుర్రాడిని బార్‌లో మాటల్లో పెట్టి, ట్రక్కులో ఎక్కించుకుని ఊరి శివారుకు తీసుకెళ్లారు. డబ్బులు లాక్కుని, పిస్తోలు పిడితో తల పగిలేలా కొట్టి, కర్రల కంచెకు కట్టేసి వెళ్లిపోయారు. పద్దెనిమిది గంటల తర్వాత సైకిలు మీద అటుగా వచ్చిన ఒక విద్యార్థి మొదట దిష్టిబొమ్మ అనుకున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే మనిషి, ఇంకా ఊపిరి ఉంది. అతను మాథ్యూ షెపర్డ్, వయసు 21, వయోమింగ్ యూనివర్సిటీ విద్యార్థి, గే. అక్టోబరు 12న ఆసుపత్రిలో కన్నుమూశాడు.

టీవీ వ్యాన్లు ఎంత వేగంగా వచ్చాయో అంత వేగంగానూ వెళ్లిపోయాయి. నెల తిరిగేసరికి న్యూయార్క్ నుంచి ఒక నాటక బృందం ఆ ఊళ్లో దిగింది. దాని పేరు టెక్టానిక్ థియేటర్ ప్రాజెక్ట్, దర్శకుడు మొయిసెస్ కాఫ్‌మన్. వాళ్లు కథ రాసుకుని రాలేదు. ఏడాదికి పైగా మళ్లీ మళ్లీ వచ్చి, బార్ యజమానిని, పాస్టర్లను, పోలీసులను, కారు డ్రైవరును, విద్యార్థులను కలిసి రెండు వందలకు పైగా ఇంటర్వ్యూలు చేశారు. వాటిలోంచి పుట్టిన ‘ది లారమీ ప్రాజెక్ట్’ 2000 ఫిబ్రవరిలో డెన్వర్‌లో వేదికెక్కింది. ఎనిమిది మంది నటులే అరవైకి పైగా పాత్రలు వేస్తారు. కుర్చీలు, బల్లలు తప్ప పెద్ద సెట్టింగు ఉండదు.

ఆ అరవై మందిలో మాథ్యూ లేడు. అతన్ని కొట్టిన దృశ్యమూ లేదు. ఈ నాటకం గొప్పతనమంతా ఆ ఒక్క నిర్ణయంలోనే ఉందని నా గట్టి నమ్మకం. దెబ్బలు చూపిస్తే ప్రేక్షకుడు ఏడుస్తాడు, దుర్మార్గుల్ని తిట్టుకుంటాడు, వాళ్లెవరో తనలాంటివాళ్లు కాదని తేల్చుకుని ఇంటికి పోతాడు. ఊరిని మాట్లాడిస్తే అలా తప్పించుకునే వీలుండదు. లారమీలో చాలామంది నోట వచ్చిన మాట ‘మా ఊళ్లో ఎవరి బతుకు వాళ్లది, ఎవరి జోలికీ పోం’ అన్న అర్థంలోదే. వినడానికి ఎంత పెద్దమనిషి తరహా మాట! ఆ ఊళ్లోనే ఉంటున్న ఒక గే దాన్ని నాటకంలో విప్పి చూపిస్తాడు: నేనెవరో చెప్పుకోనంత కాలం మీరు నా జోలికి రారు, ఇంతే కదా దాని అర్థం అని. హంతకులు ఆ ఊళ్లో పెరిగినవాళ్లే, ఆ మాటలు వింటూ పెరిగినవాళ్లే.

నాటకంలో రెజ్జీ ఫ్లూటీ అనే పోలీసు అధికారిణి పాత్ర ఉంది. పోలీసుల్లో కంచె దగ్గరికి మొదట చేరింది, కట్లు విప్పింది ఆమే. ఇంటి దగ్గర లామాలనే పెంపుడు జంతువులకు కొట్టం కట్టడంలో ఆమె చేతులు గీరుకుపోయి ఉన్నాయి. వాటికి మాథ్యూ రక్తం అంటింది. అతనికి హెచ్ఐవీ ఉందని తర్వాత తెలిసింది. ఆమె మందులు మింగుతూ పరీక్షా ఫలితం కోసం రోజులు లెక్కపెట్టుకుంది. చివరికి ఏమీ లేదని తేలింది. ద్వేషం ఎవరినో ఒక్కరినే కొట్టి ఆగదని ఏ ఉపన్యాసమూ చెప్పలేనంత సూటిగా ఆ చేతులు చెబుతాయి.

నిజానికి నాటక ప్రదర్శనకు ముందే ఆ ఊరి వీధిలో ఒక నాటకం జరిగింది. కాన్సాస్ నుంచి ఒక చిన్న చర్చి జనం, మాథ్యూ నరకానికే పోయాడని బోర్డులు పట్టుకుని అంత్యక్రియల దగ్గరికే వచ్చారు. 1999 ఏప్రిల్‌లో, హంతకుల్లో ఒకడి విచారణ వేళ, లారమీ కోర్టు దగ్గరికీ వచ్చారు. ఈసారి మాథ్యూ స్నేహితురాలు రొమెయిన్ ప్యాటర్సన్, ఆమె మిత్రులు తెల్లని దుప్పటి గుడ్డలు, ప్లాస్టిక్ పైపులతో మనిషిని మించిన రెక్కలు కుట్టుకుని, దేవదూతల్లా వాళ్ల చుట్టూ నిలబడ్డారు. ఒక్క మాట లేదు, ఒక్క నినాదం లేదు, ఆ బోర్డులు మాత్రం కనిపించకుండా పోయాయి. 2016లో ఓర్లాండోలోని పల్స్ క్లబ్బులో 49 మందిని కాల్చి చంపినప్పుడు, అక్కడి నాటక కళాకారులు మళ్లీ అలాంటి రెక్కలే తయారుచేసి అంత్యక్రియల దగ్గర నిలబడ్డారు.

రచయిత్రి లెస్లీయా న్యూమన్ దారి వేరు. మాథ్యూ చదివిన యూనివర్సిటీలో గే అవగాహన వారోత్సవాలకు ఆమె వక్త. ఆ ఏర్పాట్లు చూస్తున్న విద్యార్థి సంఘంలో మాథ్యూ కూడా ఉన్నాడు. అతను చనిపోయిన రోజునే ఆమె లారమీ చేరింది. పద్నాలుగేళ్ల తర్వాత, 2012లో, ‘అక్టోబర్ మౌర్నింగ్’ అన్న కవితల పుస్తకం తెచ్చింది. అందులో కంచె మాట్లాడుతుంది, చంద్రుడు, ట్రక్కు, జింక మాట్లాడతాయి. ఊరివాళ్ల సాక్ష్యం కాఫ్‌మన్ సేకరించాడు. ఆ రాత్రి అక్కడ మనుషులెవరూ తోడు లేని పద్దెనిమిది గంటలకు సాక్ష్యం ఊహతోనే తేవాలి. అది కవిత్వానికే సాధ్యం.

హత్య జరిగిన పదేళ్లకు కాఫ్‌మన్ బృందం మళ్లీ లారమీ వెళ్లింది. ‘అది ఉత్త దోపిడీ, మత్తుమందుల గొడవ’ అనే మాట ఊళ్లో పాతుకుపోయి ఉంది. ఊరు తన తప్పును మరిచిపోవడం మొదలైందన్నమాట. ఆ పర్యటనలోంచి పుట్టిన కొత్త నాటకాన్ని 2009 అక్టోబరు 12న నూట యాభైకి పైగా థియేటర్లలో ఒకే రోజు చదివారు. అదే నెల 28న, మాథ్యూ పేరు, అదే 1998లో టెక్సాస్‌లో జాత్యహంకారులు చంపిన నల్లజాతీయుడు జేమ్స్ బర్డ్ పేరు కలిపిన విద్వేష నేరాల చట్టంపై ఒబామా సంతకం చేశారు. దాని వెనక తల్లి జూడీ షెపర్డ్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఆ పోరాటానికి జనం చెవులు తెరిచి ఉంచింది మాత్రం బడుల్లో, కాలేజీల్లో పదేపదే ఆడిన నాటకమే.

మన దగ్గర స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్‌ కోరలను 2018లో సుప్రీంకోర్టు పీకింది. కానీ 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలో, ఒక ట్రాన్స్‌జెండర్‌ను కొట్టినా, లైంగికంగా హింసించినా గరిష్ఠ శిక్ష రెండేళ్లే. రేవతి అనే హిజ్రా రాసుకున్న ఆత్మకథను పి.సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగులోకి తెచ్చారు, దానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఇంట్లో తిన్న దెబ్బలు, వీధిలో రౌడీల దెబ్బలు, స్టేషన్లో పోలీసుల దెబ్బలు అన్నీ అందులో ఉన్నాయి. చదివిన మనం కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆ దెబ్బలు చూసిన ఇరుగుపొరుగును, ఆ స్టేషన్లో ఉన్న కానిస్టేబుళ్లను ఎవరూ అడగలేదు. పరిషత్తు నాటకాలు ఆడే బృందాలు మనకు ఊరూరా ఉన్నాయి. అలాంటి నాటకానికి పెద్ద ఖర్చేమీ లేదు: ఎనిమిది మంది నటులు, నాలుగు కుర్చీలు, ఒక రికార్డరు, గడప గడపకూ వెళ్లి ‘ఆ రోజు మీరేం చేశారు?’ అని అడిగే ఓపిక.