పొరల మధ్య అయస్కాంతపు కొలత

రాజోలి పొలాల్లో బోరులో నీరు తగ్గి మోటారు వట్టిగా తిరిగితే అది లాగే కరెంటు పడిపోతుంది. ఆ తేడాను తీగ తెంపకుండానే పసిగట్టవచ్చు. ఒక తీగలో 10 ఆంపియర్లు పారితే, సెంటీమీటరు దూరంలో 200 మైక్రోటెస్లాల అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ ఊళ్లో భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలే. ఈ రెండింటినీ కొలవగలిగేది, లోహపు పలుచని పొరలు పేర్చి చేసిన చిన్న సెన్సర్.

అయస్కాంత క్షేత్రంలో ఇనుము, నికెల్‌ల విద్యుత్ నిరోధం మారుతుందని 1850లలోనే విలియం థామ్సన్ గుర్తించాడు. కానీ ఆ మార్పు చాలా స్వల్పం. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో పీటర్ గ్రూన్‌బర్గ్ బృందాలు వేర్వేరుగా ఇనుము, క్రోమియం పొరలు పేర్చి పరీక్షించాయి. ఫెర్ట్ పొరల్లో, అతిశీతలంలో, బలమైన క్షేత్రం పెట్టగానే నిరోధం దాదాపు సగానికి తగ్గింది. 2007లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

కారణం ఎలక్ట్రాన్ స్పిన్. రెండు అయస్కాంత పొరలూ ఒకే దిక్కున ఉంటే, ఒక రకం స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు సులువుగా దాటిపోతాయి. ఎదురెదురుగా ఉంటే ప్రతి ఎలక్ట్రానూ ఏదో ఒక పొర దగ్గర చెదురుతుంది. నూలు చీరకు పట్టు అంచు కలిపే చోటే రాజోలి నేతగాళ్ల పనితనం తెలిసినట్టు, ఇక్కడా పొరలు కలిసే చోటే అసలు పని జరుగుతుంది.

దీన్ని కొలత పరికరంగా మలిచింది 1991 నాటి ఐబీఎం పరిశోధన. ఆ పరికరంలో ఒక అయస్కాంత పొర దిక్కును పక్కనున్న ఇరిడియం, మాంగనీస్ మిశ్రమం వంటి పొర కట్టేస్తుంది. రెండోది స్వేచ్ఛగా తిరుగుతుంది. మధ్యలో రెండు మూడు నానోమీటర్ల రాగి. రాగి మరీ పలుచనైతే అయస్కాంత పొరలు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. మందమైతే కరెంటు ఎక్కువగా రాగిలోంచే పోయి ప్రభావం తగ్గుతుంది. స్వేచ్ఛాపొర విశ్రాంతి దిక్కును, కట్టేసిన పొరకు లంబంగా ఉంచుతారు. అప్పుడే క్షేత్రం ఎటు మళ్లిందో, ఎంత ఉందో సమానుపాతంలో తెలుస్తుంది. వేసవి ఎండకు కూడా నిరోధం మారుతుంది కనుక నాలుగు సెన్సర్లను వీట్‌స్టన్ బ్రిడ్జిగా కలుపుతారు. ఉష్ణోగ్రత మార్పు నాలుగింటిలో ఒకేలా ఉండి చాలావరకు రద్దవుతుంది.

1995లో అమెరికాలోని ఎంఐటీలో భారత సంతతి శాస్త్రవేత్త జగదీశ్ మూడేర బృందం రాగికి బదులు అల్యూమినియం ఆక్సైడ్ పొర పెట్టింది. దాన్ని ఎలక్ట్రాన్లు టన్నెలింగ్‌తో దాటాయి. గది ఉష్ణోగ్రతలోనే నిరోధం సుమారు 12 శాతం మారింది. ఈలోగా రాగి పొర ఉన్న సెన్సర్లు 1997లో ఐబీఎం హార్డ్ డిస్కుల్లో సమాచారం చదివే తలలయ్యాయి.

అయినా హైదరాబాదు దగ్గరి చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అబ్జర్వేటరీ వంటి చోట్ల, నానోటెస్లాల మార్పులను ఏళ్ల తరబడి నమోదు చేసే పని ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటర్లదే. పొరల సెన్సర్‌లో నెమ్మదిగా మారే సంకేతాలు దాని సొంత గజిబిజిలో కలిసిపోతాయి. నిరోధం ఎంత ఎక్కువ మారిందన్న పోటీ కన్నా, ఆ గజిబిజిని ఎంత తగ్గించామన్నదే ఇప్పుడు ఈ రూపకల్పనకు అసలు పరీక్ష.