పేరులో ‘ఓఆర్ఎస్’ ఉంటే అది ఓఆర్ఎస్ అయినట్టేనా?

మిర్యాలగూడ: రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా ఆపా కొడుక్కి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు వాడికి మూడేళ్లు. డాక్టర్ ఓఆర్ఎస్ తాగించమంటే మెడికల్ షాపుకి నేనే వెళ్లాను. పండు బొమ్మ ఉన్న చిన్న డబ్బా చేతికిచ్చారు. మీద పెద్ద అక్షరాలతో ఓఆర్ఎస్ అనే ఉంది. పిల్లోడు జ్యూస్‌లా ఇష్టంగా తాగేశాడు, విరేచనాలు మాత్రం తగ్గలేదు. మర్నాడు డబ్బా తిప్పి చూస్తే ఇంగ్లిష్‌లో సన్నగా రాసుంది: ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు అని! బీకాం చదివిన నాకే అది కనపడలేదు. ఇక మా అమ్మీకి ఏం తెలుస్తుంది?

తేడా ఎక్కడుంది?

అసలు ఓఆర్ఎస్ అనేది మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటిలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉండాలి. గ్లూకోజ్, ఉప్పు ఈ పాళ్లలో కలిస్తేనే పేగు నీటిని లోపలికి పీల్చుకుంటుంది. జ్యూస్ లాంటి డ్రింకుల్లో చక్కెర దీనికి చాలా రెట్లు ఎక్కువ. అంత తీపి పడితే ఒంట్లో నీరే తిరిగి పేగులోకి వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. చిన్నపిల్లలకు ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి.

పేరు ఒకటి, సరుకు ఇంకొకటి కావడం కొత్తేమీ కాదు. మద్యంతో మనకు పని లేదు గానీ, ఉదాహరణకు విస్కీ సంగతే చూడండి. యూరప్‌లో ఆ పేరు రాయాలంటే ధాన్యంతో చేసి, కనీసం మూడేళ్లు చెక్క పీపాల్లో ఉంచాలి. మన దేశంలో ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు చెరకు మొలాసిస్‌తో చేసిన స్పిరిట్ కలిసినవే. అక్కడ వాటిని విస్కీ అని అమ్మనివ్వరు. పేరుకి చట్టం ఎంత గట్టి అర్థం ఇస్తే, కొనేవాడికి అంత స్పష్టత.

హైదరాబాద్ డాక్టర్ పోరాటం

ఈ ఓఆర్ఎస్ పేరు మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. తెలంగాణ హైకోర్టులో పిల్ కూడా వేశారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ డ్రింకుల మీద ఆ పేరు వద్దంది. అదే ఏడాది జులైలో, ‘ఇది ఓఆర్ఎస్ కాదు’ అని రాస్తే బ్రాండ్ పేరులో వాడుకోవచ్చని సడలించింది. మా ఇంటికొచ్చిన డబ్బా ఆ సడలింపు పుణ్యమే. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ అనుమతినీ ఎత్తేసింది. ముందూ వెనకా ఏ మాట చేర్చినా సరే, డ్రింకు పేరులో ఓఆర్ఎస్ ఉండకూడదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పేరు మారినా డ్రింకు లోపల సరుకు మారకపోవచ్చు. అందుకే:

• ప్యాకెట్ మీద ‘ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐపీ’ అని ఉంటే అసలుది. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉంటే అది ఆహార పదార్థం, మందు కాదు.

• పౌడర్ ప్యాకెట్‌ని దాని మీద రాసినంత నీళ్లలోనే కలపాలి. కలిపింది 24 గంటల్లో వాడేయాలి.

• ఆశా కార్యకర్త దగ్గర, ప్రభుత్వాసుపత్రిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉచితం. జింక్ మాత్రలు ఇస్తే 14 రోజులు పూర్తిగా వేయాలి.

• ఏదీ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. అంతకు మించొద్దు.

• పిల్లోడు మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పాత పేరుతో డబ్బాలు ఇంకా అమ్ముతుంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. ఇంట్లో అమ్మీకి, నానీకి కూడా అసలు ప్యాకెట్ ఒకసారి చేతికిచ్చి చూపించండి. రాత్రిపూట పిల్లలకు బాగోలేనప్పుడు సన్న అక్షరాలు చదివే ఓపిక ఎవరికీ ఉండదు.