ప్రయోగశాల వదిలినా విద్య వదల్లేదు

"ఇన్నేళ్లు పిహెచ్‌.డి. చేసింది ఈ ఉద్యోగానికేనా బేటీ?"

జుమా నమాజు ముగించుకుని ఇల్లు చేరిన తండ్రి ప్రశ్న ఇది. ఎల్బీ నగర్‌లో మాకు తెలిసిన ఆ ఇంట్లో అమ్మాయి, ప్రయోగశాల మాని విజ్ఞాన పత్రికలో సంపాదకురాలిగా చేరతానంటోంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగు ఫీజుల నాటి నుంచి కడుపు కట్టుకుని చదివించిన తండ్రికి ఆ బెంగ సహజమే. కానీ ప్రయోగశాల గుమ్మం దాటితే విద్య వృథా అయినట్లేనా?

రింగు రోడ్డు మీద నాగోలు, ఉప్పల్ దాటి తార్నాక వైపు వెళితే ఐ.ఐ.సి.టి. వస్తుంది. 1944లో నిజాం కాలంలో మొదలైన ప్రయోగశాల అది. 1948 నుంచి 1962 వరకు దాన్ని నడిపిన డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ రసాయన శాస్త్రవేత్త. తన పరిశోధనతో సరిపెట్టుకోక, పదిమంది పరిశోధనలకు బాట వేసే బాధ్యత స్వీకరించారు. తర్వాత 1966 వరకు దేశంలోని సి.ఎస్‌.ఐ.ఆర్‌. ప్రయోగశాలలన్నింటికీ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. ఏ పరిశోధన ముందు జరగాలి, దానికి డబ్బు, మనుషులు ఎలా సమకూరాలి అన్నది తేల్చడానికీ శాస్త్రజ్ఞానమే కావాలి.

ఇక సంపాదకుల పని మనకు కొత్త కాదు. హదీసు పండితులు ఒక్కో ఉల్లేఖకుని నిజాయితీని, జ్ఞాపకశక్తిని, ఎవరి నుంచి విన్నానన్నాడో వారిని నిజంగా కలిశాడా లేదా అన్నదాన్ని శోధించాకే ఉల్లేఖనాన్ని స్వీకరించేవారు. విజ్ఞాన పత్రిక సంపాదకులూ వచ్చిన వ్యాసాన్ని నిపుణుల పరిశీలనకు పంపి, లోపాలు దిద్దించి, నిలబడనిదాన్ని తిప్పి పంపుతారు.

ఈ కాపలా తప్పితే ఏమవుతుంది? 1998లో లాన్సెట్ పత్రిక కేవలం 12 మంది పిల్లల వివరాలతో, తట్టు తదితర వ్యాధుల టీకాకు ఆటిజంతో ముడిపెట్టే వ్యాసం అచ్చువేసింది. 2010లో దాన్ని ఉపసంహరించుకుంది. ఈ పన్నెండేళ్లలో ఎందరో తల్లిదండ్రులు భయపడి బిడ్డలకు టీకా మానేశారు. బ్రిటన్‌లో తట్టు మళ్లీ తలెత్తింది.

అందుకే ఈ కుర్చీ ఒక అమానత్. స్నేహితుడి వ్యాసమని వదిలేయడం, గిట్టనివాడిదని తొక్కేయడం రెండూ ఖియానతే.

ఇక్కడున్నవారు లేనివారికి అందజేయాలని ప్రవక్త మహనీయులు (స) తమ చివరి హజ్ ప్రసంగంలో ఆదేశించారు. జ్ఞానాన్ని సంపాదించడం ఎంత పుణ్యమో, కల్తీ లేకుండా చేరవేయడమూ అంతే. ఆ తండ్రికి మేము చెప్పింది ఇదే: భాయీ, బిడ్డ చదువు ఎక్కడికీ పోలేదు. దువా చేసి పంపండి.