కల్లుకు గంట లెక్క, కూరకు జత లెక్క

పెనుగొండ: బెంగుళూరు సమీపాన నంది కొండల దిగువన 1988లో మొదలైన గ్రోవర్ ద్రాక్ష తోటల ఎర్ర వైన్ ఈనాడు పేరు మోసిన సరుకు. ఏ వైన్‌కు ఏ కూర నప్పుతుందో చెప్పడం ఆ వ్యాపారంలో ఒక విద్య. మన డెల్టాలో ఆ విద్య తాటిచెట్టు కింద ఎప్పటినుంచో ఉన్నది. కాకపోతే ఎర్ర వైన్ రుచిని ఏళ్లతో లెక్కిస్తారు, తాటికల్లు రుచిని గంటలతో లెక్కించాలి.

గెల చివర చెక్కితే లొట్టిలోకి చుక్క చుక్కగా దిగే రసంలో నూటికి పది పన్నెండు వంతులు చక్కెరే. లొట్టి అంచుల్లో, గాలిలో ఉండే ఈస్టు దాన్ని పట్టుకుని చెట్టు మీదనే పులియబెట్టడం మొదలుపెడుతుంది. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పులుపు తేలి, నాలుగైదు శాతం ఆల్కహాలుకు చేరుతుంది. వైన్‌లో అది 12 నుంచి 14 శాతం. మర్నాటికి కల్లు నోట పెట్టలేని పులుపు.

అందుకే పొద్దుటి కల్లుకు కారం కావాలి. ఎండు రొయ్యల వేపుడు దానికి తగిన నంజు. తీపి కారాన్ని అణుస్తుంది. మధ్యాహ్నపు కల్లుకు కొవ్వు పట్టిన వేటమాంసం బాగుంటుంది, నాలుక మీది జిడ్డు వదిలిపోతుంది. సాయంకాలపు కల్లుతో చింతపండు పులుసు తింటే పులుపు మీద పులుపు. కాల్చిన ఉప్పుచేప మేలు. ఎర్ర వైన్‌కు ద్రాక్ష తొక్క, గింజల నుంచి వగరు వస్తుంది. మన కారంతో అది మరింత ఘాటెక్కుతుంది, చేపతో నోట్లో ఇనుప రుచి వదులుతుంది. పులస దొరికిన ఇంట ఆ సీసా మూత తీయకపోవడమే మంచిది.

తాగేవాడికి సరదా అయిన ఈ గంటల లెక్కే గీత కార్మికుడి పాలిట శాపం. వంద అడుగుల వరకు పెరిగే చెట్టును రోజుకు రెండు పూటలా ఎక్కి దించిన కల్లు సాయంత్రానికి అమ్ముడుపోకుంటే పారబోతే. వైన్ వ్యాపారి ధర వచ్చేదాకా సీసాలు దాచుకోగలడు. 2025లో రాష్ట్రంలో 340 మద్యం షాపులు గీత కులాలకు కేటాయించారు. మంచిదే, కాని షాపు దక్కినవాడు మళ్లీ మోకు పట్టడు. కల్తీగాళ్లకైతే చెట్టుతోనే పని లేదు. అదే ఏడు జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది. పొద్దున, సాయంత్రం ఒకే రుచిగా ఉండే కల్లును అనుమానించాల్సిందే.

గంటలను ఆపే ఉపాయం లేకపోలేదు. లొట్టి లోపల సున్నం పూసి కట్టి, తెల్లవారకముందే దించి చల్లగా ఉంచితే రసం పులియదు. అదే నీరా. నిషా ఉండదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద పరిశోధనలు సాగుతున్నవి. హైదరాబాదులో 2023 మేలో నీరా కేఫ్ తెరిచారు. మన పెనుగొండకు వాసవీ అమ్మవారి దర్శనానికి ఊరూరి నుంచి భక్తులు వస్తారు. వారిలో కల్లు, మాంసం ముట్టనివారే ఎక్కువ. నీరా వారూ తాగవచ్చు. వేడి మినపరొట్టె, అల్లం పచ్చడి పక్కన చల్లని నీరా గ్లాసు పెడితే ఆ జతను ఎవరూ కాదనరు. మిగిలింది కాచితే తాటిబెల్లం అవుతుంది గనుక పారబోత బాధ ఉండదు. గీత కార్మికుల సహకార సంఘానికి గుడి దారిలో ఒక కొట్టు, ఐసుపెట్టె, దానికి కరెంటు కావాలి. ఆ ఖర్చు ఎవరు భరిస్తారన్నది ముందు తేలాలి.