ఏడాది కౌలు అధ్యాపకులు

నెల్లూరు మండలపు పడమటి మెట్టసీమలో భూమిగల ప్రతి గృహస్థునకును ఒక సత్యము అనుభవవేద్యము. ఏడాది కౌలునకు పొలము పుచ్చుకొన్నవాడు చెరువుమన్ను తోలింపడు, బావి త్రవ్వింపడు, నిమ్మతోట వేయడు. రాబోవు వేసవికి ఆ పొలము తన చేతనుండునో పరుల పాలగునో యెరుగనివాడు ఆ యేటి గింజలు ఇల్లు చేరిన చాలుననుకొనును. అతడు సోమరి గాడు, దుర్మార్గుడును గాడు. కౌలు షరతే అతనిచేత అట్లు చేయించుచున్నది. నాలుగేండ్లు గడచునప్పటికి నేల సారము చెడును. నష్టపడునది తుదకు భూస్వామియే. జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పెద్దలకు ఈ సంగతి మేము బోధింప బనిలేదు. కాని యిదే పద్ధతి మన విశ్వవిద్యాలయములలో సాగుచుండగా మనమెల్లరమును ఊరకున్నాము. అచట సారము చెడుచున్న క్షేత్రము మన బిడ్డల బుద్ధి.

జలదంకి బాలుడో బాలికయో కావలి జవహర్ భారతి కళాశాలలో పట్టము పుచ్చుకొని పైచదువు కోరినచో, ఇంటికి దగ్గరగా నున్నది విక్రమసింహపురి విశ్వవిద్యాలయము. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, 1954లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినవి. 2008లో మన మండలమునకే ఒక విశ్వవిద్యాలయము లభించినది. నెల్లూరు చెంతనున్న కాకుటూరు దానికి స్థానము; పూర్వము తిరుపతి వారి యాజమాన్యముననుండిన కావలి స్నాతకోత్తర కేంద్రమును దానిలో చేరినది. తిక్కన సోమయాజి కాలపు నగర నామమును ధరించిన విద్యాపీఠము మన వాకిట నిలుచుట గర్వకారణమే. అయినను భవనములు విశ్వవిద్యాలయము గావు. అందు బోధించి పరిశోధించు ఆచార్యులే విశ్వవిద్యాలయము. వారి స్థితి యెట్లుండవలెను? ఎట్లున్నది?

ఎట్లుండవలెనో చట్టము వ్రాసియే యున్నది. యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారి 2018వ సంవత్సరపు నిబంధనల ప్రకారము అసిస్టెంటు ప్రొఫెసరుగా ప్రవేశించువానికి మూలవేతనము నెలకు 57,700 రూపాయలు, అసోసియేటు ప్రొఫెసరునకు 1,31,400, ప్రొఫెసరునకు 1,44,200. పనిభారము వారమునకు నలుబది గంటలు. అందు అసిస్టెంటు ప్రొఫెసరు పదునారు గంటలును, తక్కిన యిరుతెగలవారు పదునాలుగు గంటలును తరగతిలో బోధింపవలెను. మిగిలిన కాలము అధ్యయనమునకు, పరిశోధనమునకు, విద్యార్థులతోడి సంప్రతింపునకు. ఉద్యోగమున ప్రవేశించినవానిని ఒక యేడు పరీక్షింతురు; చాలనిచో మరియొక యేడు; పిమ్మట ఉద్యోగము స్థిరమగును. కాంట్రాక్టుమీద నియమించుట తప్పనిసరియైనపుడే జరుగవలెననియు, వారి సంఖ్య మొత్తము ఉద్యోగములలో నూటికి పదింటిని మించరాదనియు, అట్టివారి వేతనమును స్థిరోద్యోగియగు అసిస్టెంటు ప్రొఫెసరు మొత్తపు జీతమునకు తక్కువ కారాదనియు అవే నిబంధనలు శాసించుచున్నవి.

ఇది కాగితము. ఇక వాస్తవము. 2023లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన విశ్వవిద్యాలయములలో 3,220 బోధకోద్యోగములను నింప సంకల్పించినట్లు ప్రకటించినది. ఒక్కమారుగా ఇన్ని వేల స్థానములకు ప్రకటన చేయవలసి వచ్చుటయే, ఎన్నియేండ్లుగా పదవీవిరమణ చేసినవారి కుర్చీలు ఖాళీగా నుండిపోయినవో తెలుపుచున్నది. ఆ ప్రకటన వ్యాజ్యములలో చిక్కుకొన్నది. కుర్చీ ఖాళీగా నున్నను తరగతి ఖాళీగా నుండరాదు గదా! కావున కాంట్రాక్టు అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు వచ్చిరి.

అతిథి! ఎంత పవిత్రమైన మాట! మన యిండ్లలో అతిథికి మొదటి విస్తరి వేసి, ఆతడు భుజించిన పిదప గృహస్థు భుజించును. విశ్వవిద్యాలయమున అతిథియే వండి వడ్డించి, కడపట ఆకలితో చేయి కడుగుకొనుచున్నాడు. 2019లో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను అతిథి అధ్యాపకునకు నిర్ణయించిన ప్రతిఫలము పాఠమునకు 1,500 రూపాయలు. నెలకు ఎంత బోధించినను 50,000 మించరాదు. లెక్క వేసినచో నెలకు ముప్పదిమూడు పాఠములతో ఆ హద్దు ముగియును. ఇది గరిష్ఠ పరిమితియేగాని అందరికిని చేరెడి జీతము గాదు. పాఠము లేని దినమున కూలి లేదు. పరీక్షా పత్రములు దిద్దిన రాత్రులకు, విద్యార్థి సందేహము తీర్చిన సాయంకాలములకు లెక్క లేదు. వేసవి సెలవులు విద్యార్థులకు విశ్రాంతి, అతిథికి ఉపవాసము.

ఇందువలన నష్టపడువాడు అధ్యాపకుడొక్కడే యని తలచుట పొరపాటు. జలదంకి రైతు పంట కుదువబెట్టి కుమార్తెను చదువునకు పంపెననుకొందము. ఆమె ఎం.యస్‌సీ. ముగించి పరిశోధనమునకు పూనుకొన్నది. గురువెవరు? 2022 నాటి డాక్టరేటు నిబంధనలను బట్టి స్థిరోద్యోగియగు అధ్యాపకుడే పరిశోధనకు మార్గదర్శి కావలెను. అందును ప్రొఫెసరు ఎనమండుగురకు, అసోసియేటు ప్రొఫెసరు ఆర్గురకు, అసిస్టెంటు ప్రొఫెసరు నల్గురకు మించి మార్గము చూపరాదు. స్థిరోద్యోగి విరమించి, ఆతని స్థానమున అతిథి వచ్చెనా, పాఠము నడచునుగాని ఆ కుర్చీతోబాటు పరిశోధక విద్యార్థుల స్థానములును మాయమగును. ఆ అతిథి స్వయముగా డాక్టరు పట్టము పొందిన పండితుడైనను నిబంధన అతనిని గురువుగా నంగీకరింపదు. విశ్వవిద్యాలయమను పలక వ్రేలాడుచునే యుండును. లోపల నున్నది ట్యుటోరియలు కళాశాల మాత్రమే.

పరిశోధనము నిమ్మతోట వంటిది. నాటిన యేడు కాయదు. ఒక గ్రంథాలయమునందలి తాళపత్రములను పరిష్కరింపవలెనన్నను, మెట్టపొలముల నేలలను ఋతువు వెంబడి ఋతువు పరీక్షింపవలెనన్నను, అయిదారేండ్లు ఒకే పనిమీద మనసు నిలుపవలెను. మార్చి మాసాంతమున తన పని యుండునో ఊడునో తెలియనివానికి అట్టి వ్రతము సాధ్యమా? మనుమసిద్ధి యాస్థానమున మంత్రియై నిలుకడగల స్థానముండుటచేతనే గదా తిక్కన పదునైదు పర్వముల భారతమును ఆంధ్రులకు ప్రసాదింపగలిగెను!

ఇంతకన్న ముఖ్యమైనది మరియొకటి గలదు. అధ్యాపకునకు స్థిరత్వమిచ్చుట కూటికొఱకు మాత్రమే గాదు, సత్యము చెప్పుటకొఱకు. 1930లో విదేశ ప్రభుత్వము సత్యాగ్రహులపై లాఠీలు ప్రయోగించినపుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రథమ వైస్‌ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు నిరసనగా తమ పదవిని త్యజించిరి. 1936లో వారే మరల ఆ పీఠమునకు ఎన్నికైరి. ఆత్మగౌరవముగల విద్యాధికారి ప్రభుత్వమునకు వెరవనక్కరలేదని ఆ చరిత్ర బోధించుచున్నది. కాని పదవీత్యాగము చేయుటకు మొదట పదవి యుండవలెను. ఏటేట దరఖాస్తు పెట్టుకొనువాడు ఏ అన్యాయమును వేలెత్తి చూపగలడు? అతని మౌనము అంగీకారముగా చెల్లుబడియగుచుండును.

వారి నడుమ 1931 నుండి 1936 వరకు వైస్‌ఛాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులు వాల్తేరునకు సూరి భగవంతము, టి. ఆర్. శేషాద్రి, వి. కె. ఆర్. వి. రావు, హుమాయూన్ కబీరు, హిరేన్ ముఖర్జీ వంటి యువపండితులను రప్పించిరి. ఆనాడు విశ్వవిద్యాలయము ధనికమైనది గాదు. దేశము స్వతంత్రమును గాదు. అయినను నవయౌవనమందున్న మేధావిని గుర్తించి, పీఠమిచ్చి, పనిచేయనిచ్చిన ఔదార్యముండెను. స్వరాజ్యము వచ్చి డెబ్బదియేండ్లు దాటిన పిదప అదే వయస్సు యువకుని మనము గంటకూలికి పిలుచుచున్నాము.

ఇందులకు మూడు ఆక్షేపణలు వినవచ్చును. స్థిరమైన జీతమబ్బినచో అధ్యాపకుడు సోమరియగునని మొదటిది. అట్టివారు లేరని మేము బుకాయింపము. పదియేండ్ల క్రిందటి నోటుపుస్తకమునే చదివి వినిపించువారు గలరు. వారిపై విచారణ జరుపుటకును, పదోన్నతి నిలుపుటకును నిబంధనలున్నవి. వానిని అమలుపరుపక అందరి మెడమీదను కత్తి వ్రేలాడదీయుట న్యాయము గాదు. ఒక యెద్దు మొరాయించినదని కాడికి కట్టిన పశువులన్నిటికిని మేత మాన్పించు రైతు గలడా?

జాతీయోద్యమ దినములలో గురువులు అర్ధాశనముతో సేవచేసిరి గదా, వీరేల వేతనము కోరవలెనని రెండవది. నిజమే. 1910లో బందరు జాతీయ కళాశాలను నెలకొల్పిన కోపల్లె హనుమంతరావుగారి త్యాగమునకును, 1921లో మహాత్ముడు ప్రారంభించిన పల్లిపాడు పినాకినీ సత్యాగ్రహాశ్రమవాసుల నిరాడంబరతకును మేము చేతులు మోడ్చుచున్నాము. అయితే వారు దారిద్ర్యమును స్వయముగా వరించిరి. తమ సంస్థకు తామే కర్తలైరి. తానై చేసినది త్యాగము. ఒకరు చేయించినది దోపిడి. పాలకులు తమ భత్యములను పెంచుకొనుచు గురువునకు త్యాగము నుపదేశించుట వినసొంపుగా లేదు.

ఖజానాలో ధనము లేదని మూడవది. ఇది సర్కారు బీరువానుండి ఎన్నడును తరగని సమాధానము. ధనము చాలదేని కొత్త విశ్వవిద్యాలయములకు శంకుస్థాపనలు తగ్గించి, ఉన్నవానికి ఆచార్యులను సమకూర్పవలెను.

ఈ రోగము మనకొక్కరికే గాదు. అమెరికాలో ప్రొఫెసర్ల సంఘము, కళాశాలల సంఘము కూడబలుకుకొని 1940లోనే ఒక సూత్రము ప్రకటించిరి: పరీక్షాకాలము ఏడేండ్లకు మించరాదు, అది దాటిన పిమ్మట తగిన కారణము లేక తొలగింపరాదు. అచటను ఆ కట్ట బీటలు వారుచున్నది. 2015లో విస్కాన్సిన్ రాష్ట్రము ఆ రక్షణను తన శాసనమునుండి తొలగించినది. ఇంగ్లండు 1988లోనే కొత్తవారికి ఆ హక్కును రద్దుచేసినది. మన దేశమున న్యాయస్థానములు కొంత వెలుగు చూపినవి. సమానమైన పనికి సమాన వేతనమను సూత్రము తాత్కాలికోద్యోగులకును వర్తించునని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2025 ఆగస్టులో గుజరాతు కాంట్రాక్టు అధ్యాపకుల వ్యాజ్యమున, లక్షకు పైబడి జీతము తీయు సహోద్యోగులతో సమానముగా పనిచేయుచు నెలకు 30,000 రూపాయలు మాత్రమే పొందుచున్నవారి దుఃస్థితిని గర్హించి, గురువును దేవునిగా స్తుతించిన చాలదని ఆ న్యాయస్థానమే హెచ్చరించినది.

అయితే అదే న్యాయస్థానము 2006లో ఉమాదేవి వ్యాజ్యమున, బహిరంగ పోటీ లేక దొడ్డిదారిని ప్రవేశించినవారికి స్థిరోద్యోగము హక్కుగా రాదనియు తేల్చినది. కావున ఉన్నవారినందరిని ఒక్క కలముపోటుతో స్థిరపరుపుడని మేము కోరుట లేదు. మేము కోరునవి నాలుగు. ఏటేట ఖాళీల పట్టిక ప్రకటించి బహిరంగముగా నియామకములు జరుపవలెను. ఏండ్లతరబడి బోధించినవారి యనుభవమునకు ఆ యెంపికలో తగిన విలువ నీయవలెను. నియామకము జరుగువరకు, నిబంధన చెప్పిన వేతనమును పూర్తిగా, పండ్రెండు మాసములును చెల్లింపవలెను. కాంట్రాక్టు నియామకములు నూటికి పదికి మించిన విశ్వవిద్యాలయముల పేర్లను శాసనసభ ముందుంచవలెను.

రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము'లో తెగనున్న చెరువుకట్టను నిలుపుటకై ఒక కోడలు తన ప్రాణమును బలియిచ్చినది. మన ఉన్నతవిద్య కట్టను నేడు పేరులేని అతిథి అధ్యాపకులు తమ యౌవనమొడ్డి నిలుపుచున్నారు. కట్ట మరమ్మతు సర్కారు ధర్మము. మరమ్మతు చేయుమని అడుగుట ఆయకట్టుదారుల ధర్మము. రేపు శాసనసభ్యుడు జలదంకికి వచ్చినపుడు రోడ్డును, కాలువను అడుగునట్లే, మా బిడ్డలకు చదువు చెప్పువాడు ఏడాది కౌలుదారుడేల కావలెనని కూడ రైతులు అడుగుదురుగాక.