బెలుం గుహలు

బెలుం గుహలు నంద్యాల జిల్లా (2022కు పూర్వము కర్నూలు జిల్లా) కొలిమిగుండ్ల మండలములోని బెలుం గ్రామము వద్ద ఉన్నవి. వీటి పొడవు 3,229 మీటర్లు. వర్షాభావమునకు పేరుపడిన ఈ సీమలో ఇంతటి సొరంగములను తొలిచినది నీరే కావడము విశేషము. భూగర్భజలము సుదీర్ఘకాలము సున్నపురాతిని కరిగించుటచే ఇవి ఏర్పడినవి.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గూర్చి వ్రాశారు. 1982-83లో గెబవర్ నాయకత్వములో జర్మనీ బృందము లోపలి మార్గములను కొలిచినది. అయినను చుట్టుపక్కలవారు కొంతకాలము వీటిలో చెత్త పారవేసేవారు! పిదప శుభ్రపరచి, దీపములు అమర్చి, 2002లో సందర్శకులకు తెరిచారు.

సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర మాత్రమే చూడవచ్చును. కోటిలింగాల వద్ద పైకప్పు నుండి దిగిన రాతి ఊడలు శివలింగములను తలపిస్తాయి. అన్నిటికన్న లోతైనది పాతాళగంగ. భూమట్టమునకు సుమారు 46 మీటర్ల దిగువన అక్కడ నీటిపాయ కనిపిస్తుంది. లోపల ఉక్క ఎక్కువ, కొన్నిచోట్ల వంగి నడవవలెను. కనుక నూలు దుస్తులు, మంచినీరు అవసరము. ఉబ్బసము గలవారు వైద్యుని సలహా తీసుకొనుట మేలు. సప్తస్వరాల గుహలో ఊడలను తట్టిన సంగీతధ్వనులు వస్తాయి. అయితే బొట్టుబొట్టుగా పేరుకొన్న సున్నముతో ఏర్పడిన ఈ ఊడలు విరిగినచో మరల ఏర్పడుటకు వేల ఏండ్లు పట్టును.